ఒక్క సీడీలో మూడు గంటలు

మా ఉస్మాన్ బావ గురించి దర్శిలో ఎవరినడిగినా రెండు మాటలు చెబుతారు. మంచి మనిషి, కానీ ఒకావిడ క్యాసెట్ చెరిపేశాడు అని. మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. చెరిపింది నేను. నా పేరు జాన్ బాషా, ఆయన భార్యకి సొంత తమ్ముణ్ణి. ఆ మాట ఎక్కడా అనకుండా ఆరేళ్లు శుభ్రంగా తిని తిరిగాను. సిగ్గులేని జన్మ.

బావ పదిహేనేళ్లు పెళ్లిళ్లకి వీడియో తీశాడు. ఆ పెద్ద కెమెరా మోసీ మోసీ కుడి భుజం ఒక పక్కకి దిగిపోయింది. పెళ్లింటికి వెళ్లగానే అందరూ పెళ్లికూతురి మీద పడితే ఈయన వెతుక్కుంటూ ముసలివాళ్ల దగ్గరికి వెళ్లేవాడు. "పెళ్లికూతురు ఎటూ పోదురా. వీళ్లని వచ్చే పెళ్లికి చూస్తామో లేదో," అనేవాడు. కోపం రాదు, గట్టిగా మాట్లాడడు. మా అక్క విసుక్కుంటే నవ్వి చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

ఊళ్లలో క్యాసెట్ ప్లేయర్లు మూలపడి సీడీ ప్లేయర్లు వస్తున్న రోజుల్లో బావ అప్పు చేసి కంప్యూటర్ కొన్నాడు. గుంటూరులో మూడు నెలలు నేర్చుకొచ్చానని నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. జనం పాత పెళ్లి క్యాసెట్లు తెచ్చేవాళ్లు, నేను సీడీలు చేసిచ్చేవాణ్ణి. చేయడం పెద్ద విద్యేం కాదు. సెకనుకి బొమ్మకి ఎంత చోటివ్వాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, బిట్ రేటు అంటారు. పదకొండు వందల యాభై పెడితే బొమ్మ బాగుంటుంది, కానీ సీడీలో గంటా ఇరవై నిమిషాలే పడుతుంది. మూడు గంటల క్యాసెట్‌కి మూడు సీడీలు కావాలి. అంకె తగ్గిస్తే ఒక్కదాంట్లోనే ఇరికించొచ్చు. బొమ్మ కదలికని కంప్యూటర్ ఎంత శ్రద్ధగా వెతకాలో చెప్పే మీట ఇంకోటి ఉంటుంది. శ్రద్ధగా అంటే రోజంతా తీసుకుంటుంది, త్వరగా అంటే పూటలో తేల్చేస్తుంది.

ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

బావ మాత్రం కంప్యూటర్ ముట్టుకునేవాడు కాదు. ఆయనకి ఉన్నదల్లా ఒక్క పట్టింపు. సీడీ ఇచ్చినా సరే, ఆ ఇంటివాళ్లు తమ టీవీలో మొత్తం చూసి, షాపుకొచ్చి "చూశాం" అని నోటితో చెప్పేదాకా పాత క్యాసెట్ అరలోంచి కదలకూడదు. చెప్పాకే, వాళ్లు మాకు వదిలేసిన ఆ క్యాసెట్‌ని ఇంకో పెళ్లికి వాడేవాళ్లం. నాకది చాదస్తంగా ఉండేది.

రెండువేల మూడు ఎండాకాలంలో కోటిరత్నమ్మ వచ్చింది. దర్శికి నాలుగు మైళ్ల అవతల మిరప, పత్తి వేసే కుటుంబం. అంతకు ముందు ఏడే ఆమె భర్త బుల్లయ్య గుంటూరు మిర్చి యార్డుకి కాయలు తోలి తిరిగొస్తుంటే లారీ తిరగబడి పోయాడు. బావకి స్నేహితుడు. ఫొటో అంటే బిగుసుకుపోయే మనిషి, ఇంట్లో ఉన్న రెండు ఫొటోల్లోనూ కళ్లు మూసుకునే ఉన్నాడు. కానీ కోటిరత్నమ్మ తమ్ముడి పెళ్లి ఊరేగింపులో, పట్టపగలు, బ్యాండు ముందు పంచె ఎగ్గట్టి పది నిమిషాలు చిందేశాడు. అది బావే తీశాడు. ఆ మనిషి నవ్వగా తీసిన బొమ్మ లోకంలో అదొక్కటే.

"ఎన్ని సీడీలైనా కానీ బాషా. ఆయన మొహం మాత్రం తేటగా కనపడాల," అంది. బావ ఆ క్యాసెట్‌ని రెండు చేతులతో అందుకున్నాడు.

మర్నాడు బావ పెదకాకాని దర్గాకి వెళ్లాడు, మూడు రోజులకి. అదే రోజు ఒక మిర్చి వ్యాపారి ఇంటి గృహప్రవేశం తగిలింది. కంప్యూటర్ ఆ వ్యాపారి పనికి ఖాళీగా ఉండాలి. ఆ పల్లెటూరి ఆవిడకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. చూడండి నా బుద్ధి. పదకొండు వందల యాభై ఉండాల్సిన చోట నాలుగు వందల ఎనభై కొట్టాను. మీట త్వరగా వైపు తోశాను. మూడు గంటలూ ఒక్క సీడీలో పడ్డాయి. తయారయ్యాక మొదటి ఐదు నిమిషాలు కంప్యూటర్‌లో అరచేయంత కిటికీలో చూశాను. పీటల మీద కదలకుండా కూర్చున్న జంట. బ్రహ్మాండంగా ఉంది. సీడీ పంపించేశాను. గృహప్రవేశానికి ఒక క్యాసెట్ తక్కువైంది. బజార్లో దొరకలేదు. అరలోంచి కోటిరత్నమ్మది తీసి కెమెరాలో పెట్టాను.

కదలని బొమ్మకి తక్కువ చోటిచ్చినా సర్దుకుంటుంది. ఎగిరే కాళ్లు, గాల్లో తేలే రంగు కాగితాల ముక్కలు, వెనక కదిలే జనం, ఇవన్నీ ఒక్కసారి వస్తే సర్దుకోలేదు. గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. నాలుగో రోజున కోటిరత్నమ్మ సీడీ పట్టుకుని వచ్చింది. బావ షాపు టీవీలో పెట్టాడు. బ్యాండు మోగుతోంది. బుల్లయ్య ఉండాల్సిన చోట తెల్ల గళ్లు, నల్ల గళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి.

"ఈయన మొహమేదన్నా?" అంది బావతో.

"ఏం పర్లేదమ్మా. క్యాసెట్ ఉంది, మళ్లీ చేయిస్తా," అని బావ అర వైపు తిరిగాడు. అక్కడ ఖాళీ. నా వైపు చూశాడు. నేను కీబోర్డు తుడుస్తున్నాను.

ఒక్క నిమిషం పట్టింది ఆయనకి. తర్వాత ఆమె వైపు తిరిగి, "తప్పు నాదే చెల్లెమ్మా. చూసుకోకుండా దాని మీద వేరేది తీశాను," అన్నాడు. ఆమె అరవలేదు. సీడీని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. నేను కీబోర్డు తుడుస్తూనే ఉన్నాను. బావే పెద్దవాడు, ఆయనంటే సరిపోతుంది అనుకున్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది కదా.

బావ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ పెళ్లికి వచ్చిన చుట్టాల ఇళ్లన్నీ తిరిగి ఇంకో కాపీ ఉందేమోనని అడిగాడు. లేదు. ఆ వైపు ఊళ్ల నుంచి పెళ్లిళ్లు రావడం తగ్గింది. రెండేళ్లకి కెమెరా అమ్మేసి కోల్డ్ స్టోరేజీలో గుమస్తాగా చేరాడు. రెండువేల ఎనిమిదిలో గుండె ఆగి పోయాడు.

మరుసటి ఏడు కాయ కోతల రోజుల్లో కోటిరత్నమ్మ ఇంటికి వెళ్లాను. బావ పేరు మీద ఆ మచ్చ నేను బతికుండగా పోవాలని. ఆమె వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. లోపల టీవీలో అదే బ్యాండు. నాలుగేళ్ల మనవరాలు టీవీకి ముక్కు ఆనించి నిలబడి ఉంది.

"రోజూ ఇదే పెట్టమంటది," అంది కోటిరత్నమ్మ.

ఆ పిల్ల గళ్ల మీద వేలు పెట్టి నాకు చూపించింది. "ఇది తాత. ఇది తాత పంచె. ఇప్పుడు ఎగురుతాడు చూడు." నిజంగానే తెల్ల గళ్లు పైకి లేచాయి. పిల్ల చప్పట్లు కొట్టింది. తాత అంటే అలాగే ఉంటాడనుకుంటోంది ఆ చిట్టితల్లి.

ఇక ఆపుకోలేకపోయాను. అంకె తగ్గించింది నేనని, క్యాసెట్ తీసింది నేనని, బావ తప్పేమీ లేదని అన్నీ చెప్పేశాను. చెబితే గుండె తేలికవుతుందంటారు. నాకు కాలేదు.

కోటిరత్నమ్మ చేతులు కాయల మీద ఆగిపోయాయి.

"మూడుసార్లొచ్చాడు ఉస్మానన్న," అంది. "ఇదిగో, ఈ అరుగు మీదే కూర్చున్నాడు. ఆఖరిసారి మంచి ఎండ. చెల్లెమ్మా, కాసిని మంచినీళ్లియ్యమ్మా అన్నాడు. నేను లేవలా. అట్టాగే కూర్చుని కూర్చుని ఎళ్లిపోయాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. కాయల ఘాటుకి కళ్లు ఇంకా మండాయి. "ఇప్పుడు చెబుతావేంది నాయనా. నేనెవరి కాళ్లు పట్టుకోవాల?"

ఆమె లేచి లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. నేను అడగలేదు.