కూర్మనాథం రాసిన పది అర్జీలు

ఆ రోజుల్లో ఉద్దానంలో ఎవరింటికైనా తంతి వచ్చిందంటే ముందు ఏడుపు మొదలయ్యేది, ఆ తర్వాత కూర్మనాథం పంతులింటికి పరుగు. పలాస తపాలా కచేరీ నుంచి వచ్చే ఆ ఇంగ్లీషు ముక్కలు చదివి తెలుగులో చెప్పగలిగినవాడు చుట్టుపక్కల నాలుగూళ్లలో అతనొక్కడే. జనం అతన్ని మిలట్రీ పంతులనేవారు. మిలట్రీలో ఏం చేశావని అడిగితే "గుమాస్తా పని" అనేవాడు. పచ్చి అబద్ధం. ఆ అబద్ధానికి ఊరంతా చేతులెత్తి దండం పెట్టింది. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పదమూడో ఏట మేనమామ వెంట ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లాడు కూర్మనాథం. ధాన్యం మిల్లులో పని. బజారులో బర్మా మాట నేర్చాడు, మిషను బడిలో ఇంగ్లీషు నేర్చాడు. అదే మిల్లులో అతని వీధివాడు గున్నయ్య ఉండేవాడు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ ఒకే కుండలో వండుకు తిన్నారు. గున్నయ్య మధ్యలో ఒకసారి ఊరొచ్చి బొడ్డమ్మను పెళ్లాడి, ఆరు నెలలు కాపురం చేసి మళ్లీ ఓడెక్కాడు. నలభై రెండులో రంగం మీద బాంబులు పడ్డప్పుడు కూర్మనాథం అరకాను కొండల మీదుగా నడిచి ఇవతలికొచ్చాడు. జ్వరంతో ఉన్న గున్నయ్య అక్కడే ఉండిపోయాడు.

చిట్టగాంగులో ఆకలితో తిరుగుతుంటే ఒక దొర పట్టుకున్నాడు. బర్మా మాట వచ్చా, ఇంగ్లీషు వచ్చా అని అడిగి పటాలంలో చేర్చుకున్నాడు. ముందుగా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇక్కడ విన్నది పెళ్లానికి గాని, కన్నతల్లికి గాని చచ్చేదాకా చెప్పకూడదు, చెబితే జైలు. సంతకం పెట్టినవాణ్ణి మళ్లీ అదే అరకానుకు తీసుకుపోయి, కొండ మీద ఒక గుడారంలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. అవతలివాళ్లు వైర్‌లెస్సులో మాట్లాడుకునేది వినాలి, అక్కడికక్కడే ఇంగ్లీషులో రాయాలి. అంతే పని.

అవతల జపానువాళ్లొక్కరే కాదు, వాళ్లతో కలిసిన మనవాళ్ల ఫౌజు కూడా ఉంది. రంగంలో చిక్కుకుపోయినవాళ్లు ఎందరో అందులో చేరారు. వాళ్లలో మన ఉద్దానం కుర్రాళ్లు ఇద్దరికి వైర్‌లెస్ పని అప్పజెప్పారు. గుప్త సంకేతాల్లో పంపమని వాళ్ల పైవాళ్లు చెప్పే ఉంటారు. ఆ అంకెలు కూడబలుక్కోవడం విసుగనిపించి, ఇద్దరూ హాయిగా మన మాటలోనే మాట్లాడుకునేవారు. తెల్లవాడు వెయ్యేళ్లు విన్నా ఉద్దానం మాట వాడికేం తెలుస్తుందని ధీమా. తెల్లవాడికి తెలియలేదు. పక్కన కూర్చున్న కూర్మనాథానికి తెలిసింది.

నలభై నాలుగు ఏప్రిల్ పద్దెనిమిది, పొద్దున్న. ఆ మాటలు అతని చెవిన పడడం అదే మొదలు.

"ఒరే, బియ్యం రానేదురా. వంతెన పక్కన ఎదుర్ల తోపులో ఉన్నాం. అరవైమందిమి. మా బొడ్డమ్మ వండిన పనసపొట్టు కూర తిని ఎన్నాళ్లయిపోనాదో."

బొడ్డమ్మ పేరు వచ్చేదాకా ఎందుకు, మొదటి "ఒరే"కే కూర్మనాథం ఆ గొంతు పోల్చుకున్నాడు. గున్నయ్య బతికే ఉన్నాడు! ఆ ఒక్క ముక్క వినబడలేదని వదిలేస్తే అడిగే నాథుడు లేడు. గుడారంలో తెలుగొచ్చిన మరో ప్రాణి లేదు. కాని చెయ్యి రాసుకుంటూ పోయింది. వంతెన, వెదుళ్ల తోపు, అరవైమంది. పనసపొట్టు మాత్రం రాయలేదు. అది దొరకు అక్కర్లేదు కదా! మధ్యాహ్నానికి విమానాలు వెళ్లాయి. మర్నాడు రెండోవాడు "గున్నా, గున్నా" అని పిలుస్తూనే ఉన్నాడు. మూడోనాడు ఎవరితోనో "గున్నయ్య పోనాడు, తోపులోనే పూడ్సీసినారు" అని ఏడ్చాడు. దొర కూర్మనాథం భుజం తట్టి ఒక డబ్బా సిగరెట్లిచ్చాడు. ఇతగాడు అన్నీ కాల్చాడు.

యుద్ధమయ్యాక ఊరికొచ్చి బడిపంతులయ్యాడు. సంతకం పెట్టించుకున్న దొర ఓడెక్కి వెళ్లిపోయాడు, దొరతనమే పోయింది, కూర్మనాథం భయం మాత్రం పోలేదు. భయమని పైకి చెప్పుకున్నాడు గాని, లోపల ఉన్నది సిగ్గు. ఏటా చైత్ర బహుళ దశమినాడు అన్నం ముట్టేవాడు కాదు. ఏదో మొక్కు కాబోలని భార్య సూర్యకాంతం అనుకునేది.

బొడ్డమ్మ ఏటా ఉగాది వెళ్లగానే వచ్చేది. అతని వరసకు చెల్లెలు. "అన్నా, నా పెనిమిటి ఎక్కడున్నాడో సర్కారుకి రాయు" అనేది. ఇతను ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంగ్లీషులో అర్జీ రాసేవాడు. జవాబొస్తే తనే చదివి, "ఏటీ తెలీదంతన్నారమ్మీ" అని చెప్పేవాడు. ఇలా ఒకటి కాదు రెండు కాదు, పది అర్జీలు! ప్రతిసారీ ఆమె ఒక పనసకాయ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లేది. మనిషన్నవాడికి అది ఎలా మింగుడుపడింది?

యాభై ఆరొచ్చేసరికి గున్నయ్య జాడ లేక పన్నెండేళ్లు దాటిపోయాయి. జాడ తెలియనివాడికి పన్నెండేళ్లు చూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ జరిపించడం ఆచారం. కర్మ జరిగితే బొడ్డమ్మకు కొబ్బరితోటలో మొగుడి వాటా ఇవ్వాలి. గున్నయ్య అన్న ఢిల్లీరావుకు అదే కంటగింపు. పెద్దలంతా తన అరుగు మీద కూర్చున్న వేళ లేచి నిలబడ్డాడు.

"ఆడు సచ్చినాడని ఎవులు సూసినారు? రంగంలో బర్మాదాన్ని ఉంచుకోని కులాసాగున్నాడు. పెళ్లాన్ని వొగ్గీసినాడు. బతికున్నోడికి కర్మేటి?"

బొడ్డమ్మ కూర్మనాథం వైపు తిరిగింది.

"అన్నా, నా కాయితాలన్నీ నువ్వే రాసినావు. నువ్వు సెప్పు. నా పెనిమిటి అలాటోడేటి?"

కూర్మనాథం నోరు విప్పేలోగా పురోహితుడు కామేశ్వరరావు గారు ఆ రభస పట్టించుకోకుండా పంచాంగం తెరిచి, "పోయిన తిథి తెలిస్తే కర్మ ఆనాడు, లేకపోతే అమావాస్యకు" అన్నారు.

"చైత్ర బహుళ దశమి" అన్నాడు కూర్మనాథం.

"నీకెలాగ తెలుసు?" అంది బొడ్డమ్మ.

అప్పుడు చెప్పాడు. గుడారం, వంతెన, తోపు, విమానాలు, సిగరెట్ల డబ్బాతో సహా అంతా కక్కేశాడు. లేచి నిలబడ్డ ఢిల్లీరావు కూర్చుండిపోయాడు. బొడ్డమ్మ ఏడవలేదు. ఇంటికెళ్లి పాత గుడ్డలో కట్టి దాచుకున్న అర్జీల నకళ్ల మూట తెచ్చి అతని ఒళ్లో విసిరికొట్టింది.

"పదీ నీ సేత్తోనే రాసినావు. పదకొండోది రాయు. ఇంగిలీసు కాదు. ఆ దినం ఏటి ఇన్నావో, ఏటి రాసినావో మన మాటలో రాయు. ఊరందరిసేతా సదివించుకుంటాను."

"అమ్మీ, కాయితం మీద ఎడితే నన్ను జైల్లో..."

"రాయు."

ఎవరో కలం, సిరాబుడ్డి తెచ్చి ముందు పెట్టారు. కూర్మనాథం రాయడం మొదలుపెట్టాడు. గున్నయ్య అన్న మాటలు అన్నట్టే పెట్టాడు. బియ్యం రాలేదన్నది రాశాడు, వంతెన రాశాడు, అరవైమంది రాశాడు. 'మా బొడ్డమ్మ వండిన' దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

బొడ్డమ్మ ఆ చేతినే చూస్తోంది.

"ఆగినావేటి? ఆ దినం ఆగనేదు కదా. రాయు."