గాజులంగడిలో ఎంజైము పాఠం

మా బయాలజీ మేడం పోయిన వారం కన్నుమూశారు. బీదర్‌లో నాతో పీయూసీ చదివినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు చూడగానే ఏడుపొచ్చింది. కాసేపటికి నవ్వూ వచ్చింది. ఆమెను తలుచుకుంటే నవ్వకుండా ఉండటం నా వల్ల కాదు.

మేడం పాఠం కన్నడంలో చెప్పి, సరిహద్దు ఊరు మన్నళ్ళి నుంచి బస్సెక్కి వచ్చే నాబోటివాళ్ళ మొహాలు చూసి మళ్ళీ తెలుగులో చెప్పేవారు. "సమజ్ కాకుంటే కాలేదను. ఉత్తగ తలకాయ ఊపకు," అనేవారు. జొన్నరొట్టె తుంచి మా నోట్లో పెట్టి, తియ్యగా అయ్యేదాకా మింగనిచ్చేవారు కాదు. ఉమ్మిలోని ఎంజైము పిండిని చక్కెర చేస్తుందని నేను నేర్చుకున్నది అలాగే.

ఎంజైము తనకు తగ్గ పదార్థాన్ని ఎలా పట్టుకుంటుందో మాత్రం మా బుర్రలకు ఎక్కలేదు. ఒక శనివారం కాలేజీ వదలగానే ఆడపిల్లలందరినీ చౌబారా బురుజు దగ్గరి గాజులంగడికి తీసుకుపోయారు.

గాజులామె నా చెయ్యి పట్టుకుని, బొటనవేలు లోపలికి మడిచి, నొక్కి, బిగుతు గాజును ఎక్కించేసింది.

"చూడుండ్రి," అన్నారు మేడం. "ఆమె చెయ్యి దీని చెయ్యికి తగ్గట్టు వంగింది, దీని చెయ్యిని జర వంచింది. ఎంజైము గిట్లనే పట్టుకుంటది. గాజు ఈ ఎముక దాటుడంటే గుట్ట ఎక్కుడే. ఆ గుట్టను ఆమె తగ్గిస్తాంది, గందుకే పని జల్ది అయితాంది. అయినంక ఇడిచిపెట్టి ఇంకో చెయ్యి పట్టుకుంటది. ఆమె ఏం తరిగిపోదు."

"మీకు గుడ ఎయ్యాల్నా మేడమ్మా?" అని అడిగేసి గాజులామె నాలుక కరుచుకుంది. భర్త పోయినప్పటినుంచి మేడం గాజులు వేసుకోవడం లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

మేడం తన ఒట్టి చేతిని కాసేపు చూసుకున్నారు. తర్వాత చాపారు. "ఎయ్యి. పచ్చవి ఎయ్యి. పాఠం సగంల ఇడిస్తే ఎట్ల?"

"ఇంట్ల మీ అత్తమ్మ ఏమన్నంటే మేడం?" అన్నాను భయంభయంగా.

"అననియ్యి. నీ పరీక్షల మా అత్తమ్మ రాదు, ఎంజైమొస్తది!"

అంగడంతా ఘొల్లున నవ్వింది. కానీ సోమవారం ఒట్టి చేతులతోనే వస్తారని మాలో మేం అనుకున్నాం. ఇంట్లో మాటలు పడటం మా అందరికీ తెలిసిన సంగతే.

సోమవారం మేడం రాగానే బోర్డు వైపు తిరిగి రాయడం మొదలుపెట్టారు. ఒక్కో అక్షరానికీ గలగలమని చప్పుడు. వెనక బెంచీలో ఎవరో ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టారు.

"ఏయ్, సప్పుడు బంద్!" అని మేడం చెయ్యెత్తారు. పచ్చగాజులన్నీ ఒక్కసారిగా మోచేతివైపు జారి మోగాయి. మాకన్నా ముందు ఆమే నవ్వేశారు.