బంతి రాకముందే ఆగిన వీడియో

ఏ పని మొదలుపెట్టినా ముందు ఏసురాజు రెండు అరచేతులూ నోటి దగ్గరికి తెచ్చుకునేవాడు. తుప్పు తుప్పున ఉమ్మి, గట్టిగా రుద్దుకునేవాడు. కొబ్బరిచెట్టు ఎక్కేముందు అంతే. గోల్ పోస్టుల మధ్య నిలబడేముందు అంతే. పెళ్ళిలో కూడా చేతులు నోటిదాకా వెళ్ళాయని, పాస్టరుగారు దగ్గబట్టి ఆగిపోయాడని భార్య ఆశాజ్యోతి ఇప్పటికీ నవ్వుతుంది.

తండ్రి దగ్గర అబ్బిన అలవాటు అది. తండ్రీ చెట్లే ఎక్కేవాడు. పొడిచెయ్యి మానుమీద జారుతుంది, తడిచెయ్యి పట్టుకుంటుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు.

నరసాపురం రేవు దాటాక అవతలి ఒడ్డున ఉంటుంది వాళ్ళ ఊరు. ఏసురాజుది దింపు పని. రెండు నెలలకోసారి ఒక్కో తోటా ఎక్కి ముదిరిన గెలలు దింపుతాడు. దింపు అయ్యాక ఒక లేత బొండాం కొట్టి ముందు తోట యజమాని చేతికివ్వడం ఆనవాయితీ. ఆయన తాగాకే మిగతావాళ్ళు.

సాయంత్రాలు మిషన్ బడి గ్రౌండులో ఫుట్‌బాల్ ఆటలో వాళ్ళుండే పేట జట్టుకి అతను గోల్ కీపరు. నలభై దాటినా ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు. చెట్లు ఎక్కీ ఎక్కీ చేతులు అంత పొడుగయ్యాయని ఊరి జట్టువాళ్ళు వేళాకోళం చేసేవారు.

ఆటలో రెండు జట్లయినా, ఫోనులో అందరిదీ ఒకటే గ్రూపు. పేరు ఎర్రదండు. ఇంగ్లండులో ఎర్రచొక్కాల క్లబ్బు ఒకటుంది, అందరూ దాని అభిమానులు. శనివారం వచ్చిందంటే ఎరువుల కొట్టు గణేష్‌బాబు మేడమీద టీవీ చుట్టూ చేరేవారు. గణేష్‌బాబు ఊరి జట్టులో ముందువరస ఆటగాడు, గ్రూపుకి అడ్మిను. ఆ ఏడాది ఎంపీటీసీకి నామినేషను కూడా వేశాడు.

రెండువేల ఇరవై మార్చిలో ఇంగ్లండులో బంతి ఆగిపోయింది. ఇక్కడ ఎన్నికలు ఆగిపోయాయి. తర్వాత బస్సులు, రేవు దాటించే పంటు, బడి, చర్చి. గ్రూపు మాత్రం ఆగలేదు. తిట్టుకోవడానికి మ్యాచి లేక పార్టీల మీద పడ్డారు.

"కరోనా లేదు గిరోనా లేదు. ఓడిపోతామని మీవాళ్ళే ఎన్నికలు ఆపించారు," అని గణేష్‌బాబు పెట్టేవాడు.

"నీకు ఆఫ్‌సైడే అర్థం కాదు, ఎన్నికలేం అర్థమవుతాయి?" అని విజయ్ పాల్ జవాబిచ్చేవాడు. విజయ్ పాల్ పేటలో కుర్రాడు. రెండో పార్టీ జెండా అతనిది.

ఏసురాజు ఇవన్నీ చదివి ఊరుకునేవాడు. అతనికి చదవడం వచ్చు, టైపు చెయ్యడం రాదు. వేలు ఒక అక్షరం మీద పెడితే మూడు పడేవి.

వాలంటీరమ్మాయి ఇంటికొచ్చి ఉమ్మకూడదని చెప్పిన రోజే అతను మానేశాడు. ఆశాజ్యోతి పొయ్యిలో బూడిద జల్లించి చిన్న రేకుడబ్బాలో పోసిచ్చింది. చేతులు నోటిదాకా వెళ్ళేవి. అక్కడ ఆగేవి. అప్పుడు డబ్బా తీసేవాడు. ఇంత ఉపకారం తాను దేశానికి చేస్తున్నట్టు ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సిందని తర్వాత అనిపించింది.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం గ్రూపులో వీడియో పడింది. క్రిస్మస్ టోర్నమెంటులో పేటకీ ఊరికీ జరిగిన ఆఖరి మ్యాచి అది. గణేష్‌బాబు తమ్ముడు తీశాడు. గోలు ముందు ఏసురాజు నిలబడి ఉన్నాడు. రెండు అరచేతుల్లోనూ ఉమ్మాడు, రుద్దుకున్నాడు, చేతులు చాపాడు. అంతే. బంతి రాకముందే వీడియో ఆగిపోయింది.

కింద గణేష్‌బాబు రాశాడు: "ఈ చేతుల్తోనే మనం తినే కాయలు దింపుతున్నాడు. ఇక ఊళ్ళోకి కరోనా ఎలా వచ్చిందని అడక్కండి. వీళ్ళకి ఓటుహక్కు కావాలి, శుభ్రత అక్కర్లేదు."

ఏసురాజు ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి పంపాడు. "గణేష్‌బాబుగారూ, అది డిసెంబర్దండి. అప్పుడీ జబ్బెక్కడుందండి? నేను మానేసి నెలవుతుందండి." ఎవరైనా విన్నారో లేదో తెలియలేదు. అప్పటికే విజయ్ పాల్ "వీళ్ళకి అంటే ఎవరికి?" అని అందుకున్నాడు. ఇంకొకడు ప్రార్థనలకి పోయినవాళ్ళ సంగతి ఎత్తాడు. ఇంకొకడు గుడి ఉత్సవం సంగతి. పింఛన్లు, బ్లీచింగు పౌడరు, ఇసుక, రాజధాని. సాయంత్రానికి వందల మాటలు పడ్డాయి. వాటిల్లో ఏసురాజుని అడిగిన మాట ఒక్కటి లేదు.

వీడియో గ్రూపు దాటింది. ఊరు దాటింది. మర్నాడు చంద్రరావుగారు ఫోన్ చేశారు. ఊళ్ళో పెద్ద తోట ఆయనది.

"ఏసురాజూ, దింపుకి రావద్దులే ఇప్పుడు."

"కాయ ముదిరిపోయిందండి. రాలిపోద్దండి."

"రాలితే ఏరుకుంటాం. ఇంట్లో ఆడవాళ్ళు భయపడుతున్నారయ్యా. నాకైతే ఏం లేదనుకో."

"అది పాత వీడియో అండి."

"పాతదో కొత్తదో, అందరూ చూశారు కదా."

ఆ వారంలోనే మిగతా తోటలూ వద్దన్నాయి. వ్యవసాయప్పనులకి అడ్డు లేదని సర్కారు చెప్పింది. అయినా ఊరంతటికీ ఒక్కడి పనే ఆగిపోయింది. చెట్లకింద నుంచి నడిచి వెళుతుంటే పైన కాయలు ఎండుతూ కనపడేవి. దబ్బున ఒకటి రాలినప్పుడల్లా ఎవరో తన వీపుమీద గుద్దినట్టుండేది.

గణేష్‌బాబు ఇంటికి వెళ్ళాడు. గేటు తియ్యలేదు. మేడమీంచే మాట్లాడాడు గణేష్‌బాబు.

"తీసెయ్యండి బాబూ ఆ వీడియో."

"ఇప్పుడు తీసేస్తే విజయ్ పాల్‌కి జడిశానంటారు. ముందర ఎన్నికలున్నాయి. నీమీద నాకేం కోపం లేదు ఏసురాజూ."

"పోనీ మొత్తం వీడియో పెట్టండి. మీ తమ్ముడుగారి దగ్గరుంది కదండి."

"అందులో ఏముంది చూడ్డానికి?"

"మీ పెనాల్టీ ఉందండి."

మేడమీద తలుపు పడింది.

విజయ్ పాల్ సందు మలుపులో కలిశాడు. "అన్నా, తొందరపడకు. ఆ వీడియో ఉంటేనే మనకి పాయింటు. నీ పేరు చెప్పి వాళ్ళని ఉతికేస్తన్నాను, చూశావా?"

"మరి తోటలవాళ్ళ దగ్గరికి ఒక్కసారి రారా నాతో. పాతదని చెబుదువుగాని."

"అలా తిరిగితే పోలీసులు కొడతారన్నా. గ్రూపులో చూసుకుంటాగా."

ఏసురాజు ఇంటిదారి పట్టాడు. ఒకడు తనమీద బురద జల్లాడు. ఇంకొకడు ఆ బురద ఆరకుండా చూసుకుంటున్నాడు. ఇద్దర్లో ఎవడిమీద ఎక్కువ కోపమో తేల్చుకోలేకపోయాడు.

మే నెల ఎండల్లో గణేష్‌బాబు తల్లి చిట్టెమ్మకి జ్వరం తగిలింది. కరోనా కాదని పరీక్షలో తేలింది. కానీ తిన్నది ఇమడ్డం లేదు. బొండాం నీళ్ళు పట్టించమన్నాడు డాక్టరు. కొట్లు మూసేశారు, రేవు కట్టేశారు, పక్క ఊరి దింపువాళ్ళు రాకుండా రోడ్డుకడ్డంగా కంచెలున్నాయి. పెరట్లో రెండు చెట్ల నిండా లేత బొండాలున్నాయి. ఎక్కేవాడు లేడు.

దీపాలు పెట్టే వేళ ఏసురాజు ఫోను మోగింది.

"ఏసురాజుగారూ, నేను, గణేష్‌బాబుని."

ఎప్పుడూ లేని గారు.

"అమ్మకి బాలేదండి. రెండు గెలలు దింపి పెట్టాలి. ఆ సంగతి మనసులో పెట్టుకోవద్దు."

"నా మనసులో ఉందాండి అది? అందరి ఫోన్లల్లో ఉంది."

"అదంతా తర్వాత మాట్లాడుకుందాం."

"పొద్దున్నే వస్తానండి," అని ఫోను పెట్టేశాడు ఏసురాజు.

లేసు అల్లుతున్న ఆశాజ్యోతి తల ఎత్తలేదు. "ఎల్తావా?"

"ఎల్తాను. ఆవిడేం చేసింది?"

"ఆవిడ గొంతు తడవాలనే ఉంది నాకూ. ఆడి గొంతే, కాసేపు ఎండితే బాగుణ్ణు."

తెల్లారి ఏసురాజు వెళ్ళేసరికి గేటు తీసి ఉంది. చెట్టు మొదట్లో ముక్కాలిపీట వేసి, దానిమీద శానిటైజరు సీసా పెట్టి ఉంది. దూరంగా మాస్కు కట్టుకుని గణేష్‌బాబు నిలబడి ఉన్నాడు.

ఏసురాజు కాళ్ళకి తాడు వేసుకున్నాడు. అరచేతులు నోటిదాకా వెళ్ళాయి. గణేష్‌బాబు ఒక అడుగు వెనక్కి వేశాడు. అది చూసి చేతులు ఆగాయి. రేకుడబ్బా తీసి బూడిద పూసుకున్నాడు. సీసావంక చూడలేదు.

"ఫోన్ తియ్యి," అన్నాడు. ఇన్నేళ్ళలో అతన్ని నువ్వనడం అదే మొదలు.

"ఎందుకు?"

"వీడియో తియ్యి. ఈసారి చివరిదాకా తియ్యి."

ఎక్కాడు. మట్టలమధ్య చేరి కూర్చున్నాడు. కత్తి తియ్యలేదు.

"కొయ్యవేంటి?" కిందనుంచి కేక.

"పెట్టు."

"ఏంటి పెట్టేది?"

"డిసెంబర్ది. మొత్తం. గ్రూపులో పెట్టు."

"ఏవయ్యా, ఇదేం పద్ధతి? అవతల మనిషికి ఒంట్లో బాలేదు!"

"నా పొయ్యికీ బాలేదు. నెల్లాళ్ళయింది. నువ్వు వచ్చి అడిగావా?"

"దిగు ముందు. దిగాక పెడతాను."

"నువ్వు పెట్టాక కోస్తాను. నాకేం తొందర్లేదు. పనెక్కడుంది నాకు?"

గణేష్‌బాబు ముఖం ఎర్రబడింది. పోలీసులన్నాడు. పంచాయతీ అన్నాడు. గాలికి మట్టలు కదిలాయి. పక్కింటివాళ్ళు గోడమీంచి తలలు పెట్టారు. వాళ్ళ చేతుల్లోనూ ఫోన్లున్నాయి.

పెరటి కిటికీ తెరుచుకుంది. చిట్టెమ్మ చువ్వలు పట్టుకుని నిలబడింది.

"ఒరే గణేషూ, ఏంట్రా ఆలీసం?"

"నువ్వు పడుకోమ్మా."

"పడుకుంటే వినపళ్ళేదనుకున్నావా? ఆ వీడియో ఏదో పెట్టి చావరా. గొంతు పిడచకట్టుకుపోతంది. ఊరంతా చూసిందే కదా అది. పెనాల్టీ పోతే పోయింది, ప్రాణం పోలేదుగా!"

గోడమీద ఎవరో ఫక్కున నవ్వారు. గణేష్‌బాబు తల వంచుకుని ఫోను నొక్కాడు.

చెట్టుమీద, ఏసురాజు మొలలో ఫోను మోగింది. తీసి చూశాడు. "ఇది డిసెంబర్‌ది. మొన్న పెట్టింది ఇందులో ముక్క," అని రాసి ఉంది. క్షమించమని లేదు. వీడియో తెరిచాడు. తను ఉమ్మాడు, రుద్దుకున్నాడు, చేతులు చాపాడు. ఈసారి ఆగలేదు. గణేష్‌బాబు పరుగెత్తుకొచ్చి తన్నాడు. తను ఎడమవైపు పడి, బంతిని పొట్టకి అదుముకుని లేచాడు. పేట కుర్రాళ్ళు గ్రౌండులోకి దూకారు. చివరిదాకా చూశాడు. కింద అప్పుడే విజయ్ పాల్ జెండా బొమ్మలు పెట్టడం మొదలెట్టాడు. అవి చదవలేదు. ఫోను దోపుకున్నాడు.

"పక్కకి జరుగు," అని కేకేసి, గెలకి తాడు కట్టి నరికాడు. రెండు గెలలు మెల్లగా నేలకి దించాడు. తను దిగాడు.

ఒక బొండాం తీసి చెక్కాడు. ఆనవాయితీ ప్రకారం గణేష్‌బాబు చెయ్యి చాపాడు. ఏసురాజు ఆ బొండాం ఎత్తి, తల వెనక్కి వంచి, అంతా తానే తాగాడు. రెండోది చెక్కి చిట్టెమ్మకి అందేలా కిటికీ గట్టుమీద పెట్టాడు. మూడోది చెక్కలేదు.

సందు చివర చంద్రరావుగారి తోట ఉంది. ఇంకా ఎవరూ పిలవలేదు. కత్తి మొలలో దోపుకుని, తాడు భుజాన వేసుకుని, అటే నడిచాడు.