అమ్మగారు ఆపిన చప్పట్ల పాట

రాత్రి పడిన వాన తెల్లారేసరికి కెనడాలో మేముండే ఏజాక్స్ ఊరంతటా గాజులా గట్టిపడింది. యార్డులో నేను నడిపే స్కూల్ బస్సు అద్దాల మీద ఐసు గీకుతుంటే ఫోన్ వచ్చింది. అమ్మగారు ఆస్పత్రిలో పోయారని మా చర్చి సంఘంవాళ్ళు చెప్పారు. నేను అద్దాలు గీకడం ముగించి, పిల్లల్ని ఎక్కించుకుని, బడి దగ్గర దించి, బస్సు మళ్ళీ యార్డులో పెట్టాకే ఆస్పత్రికి వెళ్ళాను. పిల్లలు చలిలో నిలబడి ఉంటే ముందు వాళ్ళ సంగతి చూడమనే మనిషి ఆవిడ.

తెలుగు క్రైస్తవులం పాస్టర్ గారిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ అంటాం. అయ్యగారు పోయి చాలా కాలమైంది. దగ్గర్లోని స్కార్‌బరోలో ఒక ఇంగ్లీషు చర్చి కింది హాలును ఆదివారం మధ్యాహ్నాలకు అద్దెకు తీసుకుని మా సంఘం నడుస్తోంది. అందులో సండే స్కూలు ఆవిడది. తెల్లచీర మీద మోకాళ్ళ దాకా వచ్చే కోటు, కాళ్ళకు మంచు బూట్లు, చేతిసంచిలో పిప్పరమెంట్లు. పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్తే వినేవారు. ఆవిడ మాత్రం మళ్ళీ తెలుగులోనే అడిగేవారు. ఎప్పుడూ కసరలేదు.

వయసొచ్చిన పిల్లలు ఆదివారాలు ఎగ్గొట్టడం మొదలుపెడితే, వాళ్ళ ఆటలకు తానే బయల్దేరేవారు. "వాళ్ళు నా కాడికి రాకపోతే నేనే వాళ్ళ కాడికి పోతాను, ఏముంది" అనేవారు. ఆట రూల్స్ ఏమీ తెలియవు. బాస్కెట్‌బాల్‌ని బుట్టబంతి అనేవారు. ఎవరు బుట్టలో వేసినా చప్పట్లు కొట్టేవారు. "అమ్మగారూ, అది వాళ్ళ పాయింటు" అని మా అమ్మాయి చెప్తే, "బాగా వేసింది కదే" అనేవారు.

ఆవిడను గురించి చెప్పాలంటే ఆ పాట గురించి చెప్పాలి. పల్నాడులో పాస్టరమ్మగా ఉన్న రోజుల్లో, కుదురుగా కూర్చోని పిల్లల కోసం ప్రభువును సిలువ వేసిన గుడ్ ఫ్రైడేకి ఆవిడే ఒక చప్పట్ల పాట కట్టారు. ఒకరు "ఎవరు చంపారు?" అని అడగాలి. రెండు చప్పట్లు. మిగతావాళ్ళు "యూదులే, యూదులే!" అనాలి. మళ్ళీ రెండు చప్పట్లు. కెనడాకి వచ్చాక మా పిల్లలకూ అదే నేర్పారు. తెలుగులో నాలుగు ముక్కలు సరిగ్గా పలకలేని పిల్లలకు కూడా ఈ పాట నోటికి వచ్చు. తల్లిదండ్రులం వీడియోలు తీసి ఊరికి పంపుకునేవాళ్ళం.

ఒక శీతాకాలం మా అమ్మాయి హైస్కూల్ టీము ఒక యూదుల స్కూలు టీముతో ఆడింది. అమ్మగారు నా పక్కన కూర్చున్నారు. మా సంఘం పిల్లలు కొందరు జిమ్ములో మా వెనక పై మెట్ల మీద కూర్చున్నారు. చివర్లో అవతలి టీము అమ్మాయి ఒకతె ఫ్రీ త్రోకి, అంటే ఎవరూ అడ్డు రాకుండా ఒక్కతే బంతి వెయ్యడానికి, నిలబడింది. వాళ్ళ ఆచారం ప్రకారం ప్యాంటు మీద మోకాళ్ళు దాటే స్కర్టు వేసుకుంది. ఆ సమయంలో గోల చేసి గురి తప్పించడం ఇక్కడి ఆటల్లో మామూలే. మా పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు.

"ఎవరు చంపారు?"

"యూదులే, యూదులే!"

జిమ్ముకి ఆ లయ నచ్చింది. మాటలు తెలియని పిల్లలు కూడా చప్పట్లు కలిపారు. ఆ అమ్మాయి బంతి బుట్ట అంచుకు తగిలి పక్కకు పోయింది. మా టీము గెలిచింది. అవతలి వాళ్ళకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. వాళ్ళ తల్లిదండ్రులు కూడా నవ్వుతూ కోట్లు వేసుకుంటున్నారు.

అమ్మగారు నవ్వలేదు. మెల్లగా మెట్లెక్కి పిల్లల దగ్గరకు వెళ్ళారు. పాట ఎత్తుకున్నది మా సంఘ పెద్ద గారి అబ్బాయి.

"ఏం పాడారు రా?"

"ఇట్స్ జస్ట్ ఎ చాంట్, అమ్మగారూ. నోబడీ అండర్‌స్టాండ్స్."

"ఆ పిల్ల ఏం చేసింది?"

వాడు భుజాలు ఎగరేశాడు. "యూ టాట్ అస్ దట్."

"అవును, నేనే నేర్పా" అన్నారు. కిందికి దిగి మా అమ్మాయిని పిలిచారు. "వాళ్ళ కోచ్ కాడికి పోదాం. నువ్వు ఇంగ్లీషులో చెప్పు."

సంఘ పెద్ద గారు కూడా ఆటకు వచ్చారు. సంగతి తెలిసి కారిడార్‌లో అడ్డం వచ్చారు. "వద్దండీ అమ్మగారూ. వాళ్ళకు తెలియని దాన్ని మనమే తెలియజెయ్యడం ఏంటి? మావాడు వాటర్లూ యూనివర్సిటీకి అప్లై చేశాడు. స్కూల్లో రికార్డు పడితే వాడి గతేంటి?"

"వాళ్ళకి తెలియదు నాయనా. మనకి తెలుసు కదా."

"పిల్లలు ఏదో సరదాకి..."

"పిల్లల పేరు ఎత్తను. పాట నాది."

కోచ్ నడివయసు ఆవిడ. బంతులు సంచిలో వేసుకుంటోంది. అమ్మగారు ఆ పాట మొత్తం చెప్పి, మా అమ్మాయి వైపు తిరిగారు. "చెప్పింది చెప్పినట్టు చెప్పు. మెత్తబరచొద్దు." మా అమ్మాయి చెప్పింది. చప్పట్లు ఎక్కడ వస్తాయో కూడా చెప్పింది.

కోచ్ సంచి తాడు బిగించింది. "ఈ మాట మాకు కొత్త కాదు. భాషే కొత్త" అంది. తర్వాత అడిగింది, ఈ పాట ఎవరు కట్టారని.

"నేనే."

రెండు స్కూళ్ళకూ తాను చెప్పక తప్పదని కోచ్ అంది. చెప్పమన్నారు అమ్మగారు. ఇక ఈ పాట పాడించనని కూడా అన్నారు. "ఎందుకు మానేశారో పిల్లలకు చెప్తారా?" అని కోచ్ అడిగింది. అమ్మగారు తల ఊపి వచ్చేశారు.

ఇంటికి వెళ్తూ కారులో నాతో అన్నారు. "మా ఊళ్ళో యూదులు లేరబ్బాయ్. ఫరో రాజు మాదిరి, గొల్యాతు మాదిరి, కథలో మనుషులనే అనుకున్నా. ఇవాళ ఒక పిల్ల బంతి పట్టుకుని నిలబడింది."

పాడిన పిల్లలెవరో కనుక్కోవడం స్కూలుకు కష్టం కాలేదు. ఆ సీజన్ అయ్యేదాకా ఆటలు చూడ్డానికి రావద్దన్నారు. క్షమాపణ చెప్పించారు. యూనివర్సిటీకి ఎవరూ ఏమీ రాయలేదు.

ఆ తర్వాత పోయేదాకా ఆవిడ ప్రతి గుడ్ ఫ్రైడే పాఠాన్నీ కొత్తగా తయారు చేసుకున్నారు. కొత్త పాట ఏదీ కట్టలేదు. "చప్పట్లు కొట్టించే పాఠం కాదది" అనేవారు. పిల్లల్ని కూర్చోబెట్టి నింపాదిగా చెప్పేవారు, అడిగినన్ని ప్రశ్నలు అడగనిచ్చేవారు. మా అమ్మాయి ఇప్పుడు అదే పద్ధతిలో చిన్నపిల్లలకు చెప్తోంది. సండే స్కూలు ఆగలేదు.

కాని అట్లా మార్చి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలిసింది, ఆట జరిగిన తర్వాతి ఆదివారం. ఆరాధన మధ్యలో అమ్మగారు లేచి, పిల్లల్ని ముందు వరసలోకి రమ్మన్నారు. సంఘ పెద్ద గారు కూర్చున్నచోటి నుంచే అన్నారు, "పాట మానేశారు కదండీ. చాలు. అందరి ముందూ ఈ రచ్చ ఎందుకు?"

"అందరి ముందే నేర్పాను నాయనా. చాటుగా ఎట్లా మానేది?"

ఆవిడ గొంతు పెంచలేదు. "ప్రభువును కన్న తల్లి యూదురాలు. ఆయన వెంట తిరిగినవాళ్ళు యూదులు. సిలువ కింద ఏడ్చిన ఆడవాళ్ళు యూదులు. దేహం దించి గుడ్డ చుట్టినాయనా యూదుడే. మరణశిక్ష వేసింది రోమా గవర్నరు, మేకులు కొట్టింది రోమా సిపాయిలు. ఇదంతా నాకు మొదటినుంచీ తెలుసు. పాటలో ఇమడలేదని వదిలేశా. ఒక్క మాట ఉంటే పిల్లలకి తొందరగా వస్తుందని, ఆ ఒక్క మాటా ఒక జాతి మీద పెట్టా. అది తప్పు. మీ పిల్లలకి నేర్పినందుకు మిమ్మల్ని క్షమించమంటున్నా. ఇష్టం లేనివాళ్ళు పిల్లల్ని నా క్లాసు మాన్పించుకోండి. ఉన్నవాళ్ళకి మాత్రం ఇట్లాగే చెప్తా."

వెనక ఎవరో దగ్గారు. సంఘ పెద్ద గారు లేచి కోటు తీసుకున్నారు. ఆయన భార్య లేచింది. ఆయన ముందు వరసలో ఉన్న కొడుకును పేరు పెట్టి పిలిచారు. వాడు వెనక్కి తిరిగి చూశాడు, లేవలేదు. అమ్మగారు పాఠం మొదలుపెట్టారు.

సంఘ పెద్ద గారూ, ఆయన భార్యా, ఇంకొక కుటుంబమూ చివరి ప్రార్థనకు ముందే వెళ్ళిపోయారు. వాళ్ళబ్బాయి పాఠమంతా అయ్యాక, మాతోపాటు కుర్చీలు మడిచిపెట్టి, చీకటి పడ్డాక సిటీ బస్సులో ఒక్కడే ఇంటికి వెళ్ళాడు.