ఆంప్లిఫైయర్ కింద దొరికిన పెట్టె

సముద్రానికి హద్దు గీసి, గోదావరిని పాయలుగా చీల్చి మా కొబ్బరితోటల మధ్యనుంచి నడిపించిన తండ్రికి స్తోత్రం. మూగ వస్తువులచేత కూడా మాట పలికించగలవాడికి స్తోత్రం. పాత సంగతులను అప్పుడప్పుడు దుమ్ము దులిపి చూసుకునే కృప ఇచ్చినవాడికి మహిమ. ఆదివారపు బడిలో చాప మీద కూర్చోబెట్టి మాకు మొదట నేర్పింది ఇదే: ఏం చెప్పబోయినా ముందు కృతజ్ఞత చెప్పు, ఆ తర్వాతే కథ. అరవై దాటినా ఆ అలవాటు నన్ను వదల్లేదు.

అమలాపురంలో నాది రేడియోలు బాగుచేసే కొట్టు. ఇళ్లలో పాటలు వినే రేడియోలు పోయాక, పడవల్లో వాడే వైర్‌లెస్ సెట్లు నన్ను బతికించాయి. బటన్ నొక్కి మాట్లాడాలి, వదిలేసి వినాలి. రెండూ ఒకేసారి కుదరవు. ఓడలరేవు పడవలవాళ్ల సంఘం లైసెన్సు తెచ్చుకుని అలాంటి సెట్లు కొన్నప్పుడు, వాటిలో ఛానళ్లు ఎక్కించే పని నాకు అప్పగించింది. ఇరవై ఏళ్ల పైమాట అది. ఇప్పుడు కొట్టుకు వచ్చేవి ఎక్కువగా మిక్సీలు, ఇన్వర్టర్లు.

మొన్న వేసవిలో, సముద్రంలో చేపల వేట నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా, ఓడలరేవు నుంచి ఒక పాత పడవ యజమాని వచ్చారు. ఆయన నాకు బావగారు, ఆయన భార్య అక్కగారు. రక్తసంబంధం ఏమీ లేదు. సెట్లు బాగుచేస్తూ చేస్తూ కలుపుకున్న వరస.

"మేస్టారూ, ఇంట్లో సెట్టుకి మతి పోయిందండి," అన్నారు కూర్చోకుండానే. "వెలుగుద్ది. గరగరమంటది. మనిషి మాట మాత్రం రాదు."

లోపలుండే చిన్న బ్యాటరీ అయిపోయి ఛానళ్లన్నీ చెరిగిపోయి ఉంటాయని నాకు అర్థమైంది.

"కొత్తది కొనేసుకోవచ్చు కదా బావగారూ?"

"మా అల్లుడు తెచ్చేడండి. అద్దం మీద వేలెట్టి వెతుక్కోవాలంట. మీ అక్కగారికి చూపు ఆనట్లేదు కదండి మరి! పాతదైతే మర తిప్పుకుంటా టిక్కులు లెక్కెట్టుకుంటది. మూడో టిక్కు నాదండి."

అక్కగారి సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇరవై ఏళ్లుగా ఒడ్డునుంచి పడవలతో మాట్లాడే గొంతు ఆమెదే. మబ్బు కమ్మితే చెప్పేది ఆమె, ఎవరింట్లో ఎవరికి జ్వరం తగ్గిందో సముద్రం మీదకు కబురు పంపేదీ ఆమే. చూపు తగ్గాక వంట కూతురి చేతికి వెళ్లింది. చేపల బేరం మానేశారు. సెట్టు ఒక్కటే మిగిలింది.

"అదీ లేదంటే ఇంక మంచం దిగదండి," అన్నారు బావగారు. ఈసారి నా వైపు చూడకుండా అన్నారు.

నాలుగు రోజుల్లో ఆ సెట్టు పలకాలి. పలికించాలంటే నా పాత లాప్‌టాప్ కావాలి.

మా అమ్మాయి వెంటనే, "నాన్నా, నాది తీసుకెళ్లండి, కొత్తది, ఫాస్ట్‌గా ఉంటుంది," అంది. ఆ ఫాస్టే వద్దు. ఆ సెట్లు పుట్టిన కాలంలో కంప్యూటర్లు నెమ్మది. ప్రోగ్రాం ఒక మాట చెప్పి, సెట్టు జవాబిచ్చేదాకా ఆగుతుంది. ఎంతసేపు ఆగాలో అంకెలు లెక్కపెట్టుకుని తెలుసుకుంటుంది. కొత్త కంప్యూటర్ ఆ అంకెలన్నీ రెప్పపాటులో లెక్కపెట్టేసి, సెట్టు నోరు తెరిచేలోపే తర్వాతి మాట మీద పడేస్తుంది. ఒకసారి తొందరపడి, జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపే ఆయన సెట్టును అలాగే చంపేశాను. పాపం ఆయన నన్నేమీ అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

నా పాతది వేరే జాతి. ఓడలరేవు దగ్గర చమురు బావుల పని ముగించుకుని వెళ్లిపోతూ ఒక కాంట్రాక్టరు తుక్కు కింద అమ్మేసిన సామానులో దొరికింది. లోహపు ఒళ్లు, పైన సూట్‌కేసుకున్నట్టు పిడి, మూలలకు రబ్బరు. మోపెడ్ ముందు పెట్టుకుని వానలో తిప్పాను, పంటు మీద రెండుసార్లు జారవిడిచాను, ఒకసారి దాని మీద కూర్చుని భోజనం చేశాను. దానికేమీ కాలేదు. తెరుచుకోవడానికి మాత్రం కాఫీ పెట్టుకుని తాగేంతసేపు తీసుకునేది.

రెండు రోజులు వెతికాను. అటక మీద చూశాను, కొట్టు వెనక ఇనుప పెట్టెలో చూశాను, మంచాల కింద చూశాను. సెట్టుకు తగిలించే కేబుల్ దొరికింది, అది దొరికాక బాధ ఇంకా ఎక్కువైంది. మూడో రోజు శనివారం. చీపురు పట్టుకుని నా వెనకే తిరుగుతున్న మా ఆవిడ చివరికి నిలబడిపోయింది.

"ఏవండీ, పిడి ఉంటుంది, నల్లగా, ఇటుకలా ఉంటుంది, అదేనా మీరు వెతికేది?"

"అదే! ఎక్కడుంది?"

"మన గుడిలో ఆంప్లిఫైయర్ కింద ఉన్నది మరేంటి? వరదొచ్చిన ఏడు నీళ్లు తగలకుండా దానికి ఎత్తు పెట్టింది మీరే కదండీ!"

వరద తీశాక ఎవరూ దాన్ని తీయలేదు. మహిళా సమాజం వాళ్లు దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పారు. ప్రతి ఆదివారం ఆ గుడ్డ ముందే కూర్చుని మైకు సరిచేస్తూ, పోయినవాటిని మాకు తిరిగి దొరికేలా చెయ్యి ప్రభువా అని నేనే ప్రార్థన నడిపించాను.

ఆ మధ్యాహ్నం గుడికెళ్లి దాని చోట రెండు ఇటుకలు పెట్టి పెట్టెను తీసుకున్నాను. పాస్టరుగారు ఇటుకల వైపు చూసి, "రేపు పాటలకి ఏమీ లోటు రాదు కదండీ?" అని మాత్రం అడిగారు.

సాయంత్రానికి ఓడలరేవులో అక్కగారి ముందు కూర్చున్నాను. గోడవారగా బల్ల, బల్ల మీద సెట్టు, కిటికీలోంచి పైకి వెళ్లే ఏరియల్ తీగ. ఆమె చెయ్యి సెట్టు మీదే ఉంది. సెట్టులో చిన్న బ్యాటరీ మార్చి, కేబుల్ తగిలించి, పెట్టె మీట నొక్కాను. లోపల ఏదో గొణిగింది. నల్లటి తెర మీద తెల్లక్షరాలు ఒక్కో వరుసే దిగుతున్నాయి.

"అయ్యిందా అండి?" అన్నారు అక్కగారు.

"ఇంకా లేవలేదండి."

"మా ఆయనకన్నా నెమ్మదా అండి మీ పెట్టె?"

"నన్నెందుకే లాగుతావు మధ్యలో?" అన్నారు గుమ్మంలోంచి బావగారు.

చివరికి లేచింది. దాని క్యాలెండరు ఏ కాలంలోనో ఆగిపోయి ఉంది. నా పాత ఫైళ్లన్నీ అందులో ఉన్నాయి. ఎర్ర పడవ, రెండు కొబ్బరిచెట్ల ఇల్లు, పంటు, చెవిటాయన సెట్టు అని నాకు నేనే పెట్టుకున్న గుర్తులు. ఒక్కో గుర్తు చదువుతుంటే ఒక్కో ఇంటి అరుగు, అక్కడ ఇచ్చిన మజ్జిగ, ఆ ఇంటి కుక్క కూడా గుర్తొచ్చాయి. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అక్కగారి ఫైలు తెరిచి ఆమెకు వినిపించాను: ఒకటి సంఘం, రెండు ఆమె అన్నగారి పడవలు, మూడు బావగారిది, నాలుగు వాతావరణం కబుర్లు, ఐదు...

"ఐదో ఆయన పడవ అమ్మేసి గల్ఫ్ వెళ్లిపోయారు కదండీ? ఆయన్ని తీసేయమంటారా?"

"ఉంచండి తమ్ముడుగారూ. ఐదు తీసేస్తే ఆరు ఐదైపోద్ది, నా లెక్క తప్పుద్ది." మర తడుముతూ, "పొద్దుపోనప్పుడు అక్కడికి తిప్పి వింటానండి. హోరే వస్తది. అయినా వింటాను," అన్నారు.

ఉంచాను.

ఛానళ్లు సెట్టులోకి ఎక్కడం మొదలైంది. మధ్యలో కరెంటు పోతే సెట్టు ఇక ఎప్పటికీ లేవదు. లాప్‌టాప్ బ్యాటరీ ఏనాడో చచ్చింది. ఆ ఊళ్లో కరెంటు సంగతి నాకు తెలుసు. పెట్టె మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాను. నా పెదవులు కదులుతున్నాయి, ఆపకుండా అడుగుతున్నాను.

"ఏంటండి, ఏదో గొణుగుతున్నారు?" అన్నారు అక్కగారు.

"ఆయన దేవుడితో మాట్టాడతన్నారే, ఊరుకో," అన్నారు బావగారు.

"మాట్టాడనీయండి, నేనొద్దన్నానా! కానీ తమ్ముడుగారూ, ఇందాకట్నుంచీ బటన్ నొక్కే ఉంచేరు. ఎప్పుడన్నా వేలు తీస్తారా, ఆయన చెప్పేది వినడానికి?"

బావగారు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, కానీ నోరు మూతపడింది. చిన్నప్పటినుంచి వాక్యం విన్నాను, సంఘంలో గంటలకొద్దీ ప్రార్థనలు నడిపించాను. ఈ మాట నాతో ఎవరూ ఇంత తేలిగ్గా అనలేదు. ఇరవై ఏళ్లు ఆ బటన్ పట్టుకున్న మనిషికే అది తెలుస్తుందేమో. పని అయ్యేదాకా ఏమీ అడగకుండా కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తెర మీద గీత చివరికంటా వచ్చి ఆగింది.

బావగారు రేవులో కట్టి ఉన్న పడవ దగ్గరకు వెళ్లారు. అక్కగారు మర పట్టుకున్నారు. టిక్. టిక్. టిక్. బటన్ నొక్కారు.

"ఏవండీ, ఉన్నారా?"

వదిలేశారు. హోరు తప్ప ఏమీ లేదు. ఫైలు తప్పు ఎక్కించానా, కేబుల్ వదులైందా అని సెట్టు వైపు చెయ్యి చాచాను. ఆమె చెయ్యి నా చెయ్యిని ఆపింది.

"ఆగండి. ఇంకా పడవెక్కలేదు. ఆయన మోకాళ్లు నాకు తెలుసు."

ఆగాం. ఎంతసేపో చెప్పలేను. ఉన్నట్టుండి హోరు తెగింది.

"ఆయ్, ఉన్నానే. కూరేంటి?"

అక్కగారు చీర చెంగుతో ముఖం తుడుచుకున్నారు, గొంతు సరిచేసుకున్నారు, అప్పుడు నొక్కారు.

"చింతచిగురు, ఎండురొయ్యలు. మేస్టారు కూడా ఇక్కడే తింటారు. తొందరగా రండి."

ఆ పెట్టె ఇప్పుడు కొట్టులో నా బల్ల మీదే ఉంది. ఇటుకలు గుడిలోనే ఉన్నాయి.

ఇంతదాకా చదివిన మీరు నాతోపాటు ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, నీళ్ల మీదకు వెళ్లినవాళ్లను ఒడ్డుకు చేర్చు. ఒడ్డున చెవి పెట్టి కూర్చున్నవాళ్లకు జవాబు ఆలస్యమైనా అందేలా చూడు. చూపు తగ్గినవాళ్ల చేతివేళ్లకు తోడుగా ఉండు. ఆమేన్.

అప్పుడే లేవకండి. అడగడం అయింది. ఇంకాసేపు, ఏమీ అనకుండా, నాతో కూర్చోండి.