ఒటీనో గురించి నేను చెప్పింది

ఈ మాట కడుపులో పెట్టుకుని ఏళ్లుగా అన్నం తింటున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీ ముఖం నాకు తెలియదు కాబట్టి. అయినా మీ మీదా నాకు అనుమానమే, చదివి ఎవరికి చేరవేస్తారో అని. చేరవేయడం ఎంత సులువో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

గల్ఫ్‌లో, అల్ ఖోర్ అనే ఊళ్లో ఓ కంపెనీ క్యాంప్‌కు నేను ఇన్‌చార్జిని. కార్మికుల గదులు, మెస్సు, బస్సులు అన్నీ నా కిందే. కెన్యా నుంచి వచ్చిన ఒటీనో మా బస్సు డ్రైవర్లలో ఒకడు. మన తెలుగు పిల్లల దగ్గర నేర్చుకుని నన్ను ‘అన్నా’ అనేవాడు. అందరూ సార్ అనే చోట ఆ పిలుపు మొదటి నుంచీ నాకు కొంచెం గుచ్చుకునేది.

శుక్రవారం భోజనాలయ్యాక ఆఫ్రికా వాళ్లు పదిమంది దాకా మెస్సులో ఓ మూల చేరేవారు. కెన్యా, ఘానా, ఉగాండా, అన్ని దేశాల వాళ్లూ. పేకాట లేదు, ఫోన్లలో పాటలు లేవు. ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వినడం, అంతే. నేను లోపలికి వస్తే గొంతులు తగ్గేవి. నిజంగా తగ్గేవా, నాకలా అనిపించేదా? ఇప్పటికీ తేల్చుకోలేను. నిప్పు లేనిదే పొగ రాదనుకున్నాను.

అదే రోజుల్లో, రోజూ నా సొంత కారు కడిగే ఉగాండా క్లీనర్ ఒక పొద్దున బకెట్ కింద పెట్టి, “ఇది నా డ్యూటీ కాదు సార్” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. వీడికింత ధైర్యం ఎక్కడిది? ఇంకెక్కడిది, ఆ మూల నుంచే!

ఒటీనోను బస్సు దగ్గర పట్టుకుని నిలదీశాను. మేం మాట్లాడుకున్నది సగం హిందీ, సగం ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“ఏం నడుస్తుంది ఆడ? ఏం మాట్లాడుకుంటరు?”

“విముక్తి గురించి అన్నా.”

నేను చుట్టూ చూశాను. “ఎవరి నుంచి? కంపెనీ నుంచా?”

అతను పగలబడి నవ్వాడు. “కంపెనీ ఎంత అన్నా! మా తాతలు తెల్లవాళ్లను వెళ్లగొట్టారు. వాళ్లు మాలో పెట్టిపోయిన భయం మాత్రం పోలేదు. జెండా మారిస్తే పోయేది కాదది. ఎవడి భయాన్ని వాడే వెళ్లగొట్టుకోవాలి. అందుకే కూర్చుంటాం. ఈ వారం ఎక్కడ ఊరికే తల వంచామో, ఎక్కడ భయపడి అబద్ధమాడామో చెప్పుకుంటాం. తప్పు తెల్లవాడిదనీ సర్కారుదనీ అనకూడదు. అదొక్కటే రూలు.”

“అంతేనా?”

“అంతే. నువ్వూ రా అన్నా, కూర్చో.”

నువ్వూ రా! నేనెందుకు రావాలి? నాకేం భయం? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట పట్టుకుని రెండు రోజులు కుతకుతలాడాను. కాలేజీలో ఉండగా ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్ల మీద బైఠాయించినవాణ్ని నేను. ఆత్మగౌరవమని గొంతు చించుకున్నవాణ్ని. రాష్ట్రం వచ్చింది, నేను ఇక్కడికి వచ్చాను, ఇప్పుడు మేనేజర్ ఫోన్ చేస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతాను. ఆయనకు కనిపించనని తెలిసీ లేస్తాను. ఒటీనో ఇది చూశాడా? చూడకపోయినా ఏం లాభం, నాకు తెలుసు కదా.

ఆ వారమే మేనేజర్ ఫోన్‌లో క్యాంప్ ఎలా ఉందని అడిగాడు. మామూలుగానే అడిగాడు. ‘బాగుంది సార్’ అంటే అయిపోయేది. నేను లేచి నిలబడి, డ్రైవర్ ఒటీనో ఆఫ్రికా వాళ్లను కూడగడుతున్నాడని, సమ్మె మాట వినిపిస్తోందని చెప్పాను. సమ్మె అన్న మాట వినపడితే ఇక్కడ మనిషిని దేశం దాటించేస్తారని తెలుసు. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లల చదువు అతని జీతం మీదే నడుస్తోందనీ తెలుసు. తెలిసే చెప్పాను.

వారం తిరక్కుండానే అతన్ని ఇంటికి పంపేశారు. వెళ్లే ముందు వరండాలో అందరికీ చెయ్యి కలిపాడు. నాకూ కలిపాడు, కళ్లలోకి చూస్తూ. ఆ చూపును ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. అతనికి తెలుసా? తెలిస్తే చెయ్యెందుకు కలిపాడు? తెలియకుండానే కలిపాడా? అమ్మో, అది ఇంకా ఘోరం.

తర్వాతి శుక్రవారం ఆ మూల ఖాళీ. మర్నాటి నుంచి క్లీనర్ నా కారు మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. నేను కడగమనలేదు. వద్దనీ అనలేదు.

అప్పటి నుంచి దొంగకు తేలు కుట్టినట్టే ఉంది నా బతుకు. మెస్సులో ఎవరు గుసగుసలాడినా నా గురించే అనిపిస్తుంది. మేనేజర్ ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా ‘ఇంకేంటి విశేషాలు’ అంటాడు. నా విశేషాలు ఆయనకు ఎవడు చేరవేస్తున్నాడో! కంపెనీ పంపింది, నేను పంపలేదు కదా అని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. డ్యూటీ అన్నాను. పొరపాటు పడ్డానన్నాను. అబద్ధం. నేనేమీ పొరపాటు పడలేదు. ఆ మనిషి నాకు అంతా విడమరిచి చెప్పాడు, నేను అంతా అర్థం చేసుకున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కింద పేరు రాద్దామని కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు. చూశారా, ఎంత పిరికివాణ్నో! కానీ ఇదొక్కటీ రాయగలను. సమ్మె అన్న మాట ఒటీనో నోట ఒక్కసారి కూడా రాలేదు. అది నా మాట. చెప్పేశాను. కొంచెం ఊపిరాడుతోంది.