ఆడని సీజను

మా తమ్ముడు గోల్‌కీపరు. వాడిని ఏ కాలేజీవాళ్ళూ ఆట కోసం పిలిచి తీసుకోలేదు. సాయంత్రాలు తను చదివే కాలేజీ మైదానానికి తనంతట తానే వెళ్ళేవాడు. వలలు కట్టేవాడు, కంచె దాటిన బంతులు తెచ్చేవాడు. కొన్నాళ్ళకు, ప్రాక్టీసులో గోలు దగ్గర నిలబడమన్నారు. అలా జట్టులో ఉన్నాడు. పిలిచి తీసుకున్న ఆటగాళ్ళకు హాస్టల్లో మంచం, రెండు పూటల భోజనం, ఫీజు మాఫీ, నెలనెలా కొంత డబ్బు ఉండేవి. తనంతట తాను వచ్చినవాడికి నిలబడే చోటు ఒకటే ఇచ్చేవారు.

అప్పట్లో మేం బర్మా రాజధానిలో, బోటాటౌంగ్ అనే పేటలో రేవు దగ్గర ఉండేవాళ్ళం. నాన్న గిడ్డంగిలో కాపలా ఉండేవాడు, ఆదివారాలు మా తెలుగు చర్చిలో కానుకల పళ్ళెం పట్టేవాడు. నేను ఊరి నడుమ చౌక్తడాలో ఒక ఆఫీసులో టైపు కొట్టేదాన్ని. ఫీజు కట్టలేక తమ్ముడు చదువు ఆపేయాల్సి వస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ఏడాది వేరే కాలేజీ కోచ్ వాడి ఆట చూసి, వచ్చే సంవత్సరం తమ దగ్గరికి వస్తే స్కాలర్‌షిప్ ఇస్తామన్నాడు. నియమం ఒకటుంది. ఈ సీజనులో పాత కాలేజీ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోతే నేరుగా చేర్చుకోవచ్చు. ఆడితే మాత్రం ఆ తర్వాత ఒక సీజను బయట కూర్చోవాలి, అంతవరకు స్కాలర్‌షిప్ ఉండదు. అసలు మ్యాచ్ ఎప్పుడూ ఆడని వాడికి అది కష్టమైన నియమం కాదు. ప్రాక్టీసుకు వెళ్ళి ఇంటికొచ్చేస్తే చాలు.

నాన్న అన్నం తింటూ నవ్వాడు. “పరిగెట్టినోడికి బువ్వెట్టేరంటే సరే. నించున్నోడికి కూడా ఎడతారేటిరా ఆళ్ళు?”

“నువ్వు గిడ్డంగి కాడ నించుంటే ఎట్టట్లేదేటి,” అన్నాడు తమ్ముడు. అమ్మ నవ్వింది.

సీజను సగంలో పాత కాలేజీ గోల్‌కీపరుకు వేలు విరిగింది. ఆ జట్టు కోచ్ మా ఇంటికొచ్చాడు. బర్మాలో చదువు చెప్పేవాడూ ఆట నేర్పేవాడూ అందరూ సయాలే. సయా చెప్పులు మెట్ల కింద విడిచి, మేం కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చున్నాడు. అమ్మ పెట్టిన మినపట్టు తిన్నాడు. నాన్న మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగాడు. వెళ్ళే ముందు, శనివారం మ్యాచ్‌కు గోలు దగ్గర ఎవరూ లేరన్నాడు. అబ్బాయి రాలేకపోయినా ఫర్వాలేదన్నాడు. మెట్లు దిగబోతూ ఆ మాట మళ్ళీ అన్నాడు.

అడిగిన పెద్దవాడి ముఖం మీద కాదనలేకపోవడాన్ని బర్మీయులు ఆనాదే అంటారు. మన మొహమాటమే. మా ఇంట్లో ఆ రెండూ కలిసి ఉండేవి. నాన్న బర్మీలో, పంపిస్తాను సయా, అన్నాడు. తమ్ముడు గుమ్మంలో నిలబడి విన్నాడు.

సయా సందు దాటాక అమ్మ అడిగింది. “రాపోయినా పర్లేదన్నాడు గదా. ఒప్పేసుకున్నావేటి?”

“పర్లేదన్నాడు కాబట్టే ఒప్పుకున్నాను. రావాలీ అనుంటే కుదర్దు సయా అనీవోణ్ణి. మెట్లెక్కొచ్చిన మనిషిని ఉత్తినే పంపీమంటావేటి?”

తమ్ముడు శనివారం వెళ్ళి ఆడాడు. నేను ఆఫీసులో ఉన్నాను, చూడలేదు. మోకాలు గీరుకుపోయి వచ్చాడు. గెలిచామన్నాడు.

రెండో కాలేజీ కోచ్ కోప్పడలేదు. నియమం నియమమే, ఒక సీజను కూర్చుని రమ్మన్నాడు.

“ఒక్కటే గదా అప్పా,” అన్నాడు వాడు నాతో.

ఆ సీజను అయిపోయాక వేసవిలో గొడవలు మొదలయ్యాయి. ప్రభుత్వం మీద కోపంతో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, తర్వాత ఊరంతా వచ్చింది. కాల్పులు జరిగాయి. మేం కిటికీలు మూసుకుని రేడియో వినేవాళ్ళం. మా ఇంట్లో ఎవరూ పోలేదు. వేలు విరిగిన ఆ గోల్‌కీపరు చాలామంది విద్యార్థుల్లాగే సరిహద్దు వైపు వెళ్ళాడని విన్నాం, తిరిగొచ్చాడని వినలేదు. కాలేజీలన్నీ మూసేశారు.

ఏడాది గడిచాక తమ్ముడు రెండో కాలేజీ ఆఫీసుకు వెళ్ళాడు. తరగతులు లేకపోయినా గుమస్తాలు వస్తూనే ఉన్నారు. ఏడాది కూర్చున్నానని చెప్పాడు. కూర్చోవలసింది సీజను, ఏడాది కాదని గుమస్తా చెప్పాడు. సీజను జరగలేదు కనుక కూర్చున్నట్టు కాదు. తమ్ముడు ఆ మాట మాకు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. నేను రెండుసార్లు విన్నాను. తప్పు పట్టడానికి అందులో ఏమీ దొరకలేదు.

తర్వాత కాలేజీలు తెరిచారు, మళ్ళీ మూశారు. వాడు గిడ్డంగిలో బస్తాలు మోయడానికి కుదిరాడు. పని లేనప్పుడు గోడకేసి బంతి కొట్టి పట్టుకునేవాడు. ఆ గోడ చప్పుడు విని అమ్మ నాతో, “పిచ్చి నాకొడుకు, గోడ మీద గెలుస్తన్నాడు,” అనేది.

చివరికి ఒక సీజను పూర్తిగా జరిగింది. తమ్ముడు ప్రతి మ్యాచ్‌కూ వెళ్ళి రెండో కాలేజీ ఆటగాళ్ళ పక్కన లుంగీతో కూర్చున్నాడు. నియమం ప్రకారం వెళ్ళనక్కర లేదు, ఆడకుండా ఉంటే చాలు. వెళ్ళొద్దని ఎవరం అనలేదు. సీజను అయ్యాక ఆఫీసుకు వెళ్ళాడు. ఈసారి సీజను లెక్కకు వచ్చింది. కాలేజీ జట్టుకు ఉండాల్సిన వయసు అప్పటికి వాడికి దాటిపోయింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఏమన్నారని నాన్న అడిగాడు.

“కుదర్దన్నారు.”

నాన్న సరే అన్నాడు. అమ్మ అన్నం పెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ సంగతి ఎవరం ఎత్తలేదు.

ఈ వానల్లో వాడు జ్వరంతో పోయాడు. భూస్థాపనకు ముందు పాస్టరు గారు ఇంటికొచ్చి, నాలుగు మాటలు చెప్పాలి, ఏం చేసేవాడని అడిగారు. గిడ్డంగిలో పని అన్నాను. ఇంకేమైనా ఉందా అన్నారు. ఫుట్‌బాల్ ఆడేవాడు, గోల్‌కీపరు అన్నాను.

“ఏ జట్టుకమ్మా?”

నేను ఆలోచిస్తుండగానే నాన్న మంచం మీద నుంచి పాత కాలేజీ పేరు చెప్పాడు. సయా మా ఇంటికొచ్చి మరీ అడిగి తీసుకెళ్ళాడని, ఆ రోజు గెలిచారని చెప్పాడు. అందులో అబద్ధం లేదు. పాస్టరు గారు సమాధి దగ్గర అదే చెప్పారు.